బోకా ఒడ్డున లెక్కపెట్టిన పదమూడు పేర్లు

1986 జులై మొదటి వారంలో మా సరుకు ఓడ ప్రొపెల్లర్ షాఫ్టు మరమ్మతు కోసం యుగోస్లావియాలో, మోంటెనెగ్రో రిపబ్లిక్‌లోని బియెలా అనే చిన్న ఊరి షిప్‌యార్డుకు చేరింది. ఆ ఓడలో నేను నాలుగో ఇంజనీరును. కోనసీమలో కాలువ గట్టున పుట్టి, విశాఖపట్నంలో పని నేర్చుకుని, సముద్రం మీదికి వచ్చి అప్పటికి మూడేళ్లయింది. యుగోస్లావియా అంటే నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదువుతుంటే చెవిన పడిన మాటలే: నెహ్రూ, టిటో, నాసర్, అలీన విధానం. ఆ దేశం ఎలా ఉంటుందో, అక్కడి మనుషులు దేనికి మురిసిపోతారో, దేనికి నిద్ర మానుకుంటారో ఊహించుకునే అవకాశం మా ఊళ్లో ఎవరికీ లేదు. అక్కడ గడిపిన ఏడు వారాల్లో నేను తెలుసుకున్నదల్లా దాదాపుగా, నీళ్లలో ఈదుతూ బంతిని గోల్‌లోకి కొట్టే వాటర్ పోలో అనే ఒక ఆట ద్వారానే తెలుసుకున్నాను. ఆ దేశమూ దాని వాటర్ పోలో జట్టూ రెండూ ఇప్పుడు లేవు కాబట్టి, నాకు గుర్తున్నంత వరకు ఆ సంగతులు రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఏడ్రియాటిక్ సముద్రం కొండల మధ్యకు చొచ్చుకువచ్చి, ఒకదాని వెనక ఒకటి చెరువులు పరిచినట్లుగా నిలిచిన చోటును అక్కడివాళ్లు బోకా అంటారు. నోరు అని ఆ మాటకు అర్థం. కెరటం ఉండదు, అడుగున రాళ్లు కనిపించేంత తేటగా నీళ్లుంటాయి. ఒడ్డు వెంబడి రాతి ఇళ్లు, వాటి గుమ్మాల నుంచి నాలుగడుగులు వేస్తే సముద్రం. మా గోదావరి కాలువ రేవుల్లో పిల్లలు మెట్ల మీంచి దూకినట్లే అక్కడి పిల్లలు ఇంటి ముందరి రాళ్ల మీంచి నీళ్లలోకి దూకేవారు. తేడా ఏమిటంటే ప్రతి రేవులోనూ రెండు వైపులా తేలే గోల్‌పోస్టులు తాళ్లతో కట్టి ఉండేవి.

షిప్‌యార్డులో మా షాఫ్టు పని చూసిన పెద్ద ఫిట్టరుకు అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. ఆ తీరంలో వయసులో పెద్దవాళ్లను, ముఖ్యంగా ఓడల పని తెలిసినవాళ్లను, ‘బర్బా’ అని పిలుస్తారు. మనం బాబాయి అన్నట్లు గౌరవమూ చనువూ కలిసిన పిలుపు అది. మొదటి రోజు నుంచే నేను ఆయన్ని బర్బా అన్నాను, ఆయన నన్ను ‘సింకో’, అంటే అబ్బాయీ అన్నాడు. ఓడల మీద నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది, ఆయన దగ్గర నేర్చుకున్న నాలుగు సెర్బో-క్రొయేషియన్ ముక్కలు నావి. మాట్లాడుకోవడానికి అవే సరిపోయేవి.

పక్కనున్న హెర్ట్సెగ్ నోవీ పట్నంలోని యాద్రాన్ క్లబ్బు 1958లోనూ 1959లోనూ యుగోస్లావ్ లీగ్ గెలిచినప్పుడు బర్బా అదే క్లబ్బులో రెండో జట్టు కుర్రాడు. మొదటి జట్టులో ఒక్క ఆట కూడా ఆడలేదని తనే చెప్పేవాడు. అయినా ఆ రెండేళ్ల సంగతి చెప్పేటప్పుడు ఆయన భుజాలు నిక్కబొడుచుకునేవి. నేను అక్కడున్న 1986లో లీగ్ చాంపియన్ బోకాలోని ఇంకో ఊరు కోటోర్‌కు చెందిన ప్రిమోరాట్స్. బెల్‌గ్రేడ్, జాగ్రెబ్ లాంటి మహానగరాల క్లబ్బులను ఓడించి, కొండ కింద గోడల మధ్య ఇమిడిపోయే చిన్న ఊరు దేశ విజేత కావడం ఎంత పెద్ద విషయమో నాకు మొదట అర్థం కాలేదు. ఊళ్లో రొట్టెల కొట్టు దగ్గరా చేపల బేరం దగ్గరా ఆటగాళ్ల పేర్లు తప్ప ఇంకో మాట వినపడకపోవడం చూశాక మెల్లగా అర్థమైంది.

ఒకనాటి సాయంత్రం పని దిగాక బర్బా నన్ను పిల్లలతో పాటు నీళ్లలోకి దిగమన్నాడు. ఏడేళ్ల వయసు నుంచి కాలువలు ఈదినవాణ్ని కాబట్టి నాకు భయం లేదు. అయితే ఈత వేరు, నీళ్లలో నిటారుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఉంచడం వేరు. వాళ్లు అడుగున నేల తాకకుండా, రెండు కాళ్లనూ ఒకదానికొకటి ఎదురుగా గుండ్రంగా, కవ్వంతో మజ్జిగ చిలికినట్లు ఆపకుండా తిప్పుతూ నడుము దాకా నీళ్ల పైకి లేస్తారు. బర్బా కొడుకుకు అప్పుడు పన్నెండేళ్లు. ఆ అబ్బాయి అలా చిలుకుతూ ఒంటి చేత్తో పసుపు పచ్చని బంతిని పైకెత్తి పట్టుకుని నాతో కబుర్లు చెబుతుంటే, నేను రెండు నిమిషాలు తిరక్కుండానే తొడలు మంట పుట్టి ఒడ్డు రాయి పట్టుకున్నాను. బర్బా నీళ్లలోకి వంగి నా మోకాలు పట్టుకుని తిప్పి చూపించాడు. పాదం లోపలి అంచుతో నీటిని కిందికి నొక్కాలి, ఒక కాలు నొక్కుతుండగా రెండోది పైకి రావాలి, రెండూ ఒకేసారి ఆగిన క్షణంలో మనిషి మునుగుతాడు. ఆ ఏడు వారాలూ రోజూ సాయంత్రం అది నేర్చుకున్నాను. ఈ వయసులో కూడా నీళ్లలో దిగితే నా కాళ్లు వాటంతట అవే అలా తిరుగుతాయి.

అప్పటి ఆట నియమాలు ఆయన గట్టు మీద సుద్దతో గీసి చెప్పాడు. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురు. గోల్‌కీపర్ తప్ప ఎవరూ రెండు చేతులతో బంతిని పట్టుకోకూడదు. బంతి చేతికొచ్చాక 35 సెకన్లలోపు గోల్ వైపు కొట్టాలి. ఏడేసి నిమిషాల నాలుగు భాగాలు, అయితే బంతి ఆగితే గడియారమూ ఆగుతుంది కాబట్టి ఆట గంట దాకా సాగుతుంది. రిఫరీలకు కనిపించేది నీటిపైన జరిగేది, అసలు కుస్తీ నీటి కింద నడుస్తుంది. ఒకరి నడుము ఒకరు పట్టడం, మోకాళ్లతో నెట్టడం, ఊపిరి బిగబట్టి విడిపించుకోవడం, ఇవన్నీ వింటుంటే నాకు మా ఊరి కబడ్డీ బరి కళ్లముందు మెదిలింది.

భారతదేశం ఈ ఆట ఆడుతుందా అని ఆయన ఒకసారి అడిగాడు. తెలియదన్నాను. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో మన వాటర్ పోలో జట్టు స్వర్ణం గెలిచిందనీ, 1982లో మళ్లీ ఢిల్లీలోనే కాంస్యం గెలిచిందనీ ఇంటికి వచ్చాక చాలా ఏళ్లకు తెలిసింది. ఆ సంగతి ఆయనకు ఉత్తరంలో రాశాను గానీ, ఆ రోజు ఆ గట్టు మీద చెప్పగలిగి ఉంటే ఆయన ఎంత సంతోషించేవాడో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

జాతీయ జట్టు కథను బర్బా ఒక బాకీల పద్దులా చెప్పేవాడు. ఆ పద్దులో ఎదుటి పక్షం ఎప్పుడూ హంగరీయే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో రెండు జట్లూ 2-2తో సమానంగా నిలిచాయి, మొత్తం గోల్స్ లెక్కలో స్వర్ణం హంగరీకి పోయింది. 1956లో మెల్‌బోర్న్‌లో 2-1తో ఓటమి, మళ్లీ రజతమే. 1964లో టోక్యోలో 4-4, మళ్లీ గోల్స్ లెక్క, మళ్లీ హంగరీ. మూడు ఒలింపిక్ రజతాలను గొప్పగా చెప్పుకునే దేశాలు ఎన్నో ఉంటాయి. బర్బాకు మాత్రం అవి మూడు తీరని బాకీలు. ఆ బాకీ మొదటిసారి తీరింది 1968లో మెక్సికో నగరంలో. అక్కడ ఫైనల్లో ఎదురైంది హంగరీ కాదు, సోవియట్ యూనియన్. ఆట అదనపు సమయానికి వెళ్లి 13-11తో యుగోస్లావియా గెలిచింది. ఆ జట్టులోని మిర్కో సాందిచ్ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవాడు, గుళ్లో మాట్లాడినట్లు. సాందిచ్‌కు మించిన ఆటగాణ్ని తాను చూడలేదనీ, చూస్తానన్న ఆశ కూడా లేదనీ అనేవాడు.

ఆ తరవాత పన్నెండేళ్లు ఒలింపిక్స్‌లో ఏమీ లేదు. 1973లో బెల్‌గ్రేడ్‌లోనే జరిగిన మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం, 1978లో ఇంకో కాంస్యం, 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో రజతం. మాస్కో జట్టులో ఆడిన రాత్కో రుదిచ్ అనే మీసాల మనిషి 1984 నాటికి కోచ్‌గా వచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో అమెరికాతో చివరి ఆట 5-5తో ముగిసింది, రెండు జట్లూ టోర్నమెంటులో ఒక్క ఆట కూడా ఓడలేదు, గోల్స్ తేడాలో ఈసారి స్వర్ణం యుగోస్లావియాది. ముప్పై రెండేళ్ల కిందట హెల్సింకీలో తమను దెబ్బ కొట్టిన లెక్కే ఇప్పుడు తమవైపు తిరిగిందని చెబుతూ బర్బా నా భుజం మీద కొట్టిన దెబ్బ నాకు బాగా గుర్తుంది. ఆ ఏడాది సోవియట్ యూనియన్, హంగరీ ఒలింపిక్స్‌ను బహిష్కరించి లాస్ ఏంజెలెస్‌కు రాలేదు. వాళ్లు రాకుండా గెలిచిన బంగారం సగం బంగారమే అన్న మాట బోకాలో కూడా కొందరు అనేవారు. అందుకే 1986 ఆగస్టులో మాడ్రిడ్‌లో అందరూ వచ్చే ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం ఆ తీరం అంతా ఎదురుచూసింది.

ఇక్కడ బర్బాకున్న ఒక అలవాటు చెప్పాలి. ప్రతి ఆటకూ ముందు ఆయన జట్టులోని పదమూడు మందినీ వాళ్ల ఊళ్లతో సహా వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. దుబ్రోవ్నిక్ వాడు, స్ప్లిట్ వాడు, షిబెనిక్ వాడు, జాగ్రెబ్ వాడు, బెల్‌గ్రేడ్ వాడు, మన కోటోర్ వాడు. పిడికిలి బిగించి బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలే తెరిచేవాడు కాబట్టి రెండు చేతులూ అయిపోయాక ముగ్గురు మిగిలిపోయేవారు. నేను మన పద్ధతి చూపించాను: ఒక్కో వేలికి మూడు కణుపుల చొప్పున నాలుగు వేళ్లకు పన్నెండు, లెక్కపెట్టే బొటనవేలు పదమూడు. ఆయన నా చెయ్యి పట్టుకుని కాసేపు చూసి, బొటనవేలు గోల్‌కీపర్ అన్నాడు. అందరినీ తాకేది, అందరినీ చూసేది అదే కదా అని ఆయన ఉద్దేశం.

ఫైనల్ జరిగిన రాత్రి యార్డు గేటు ఎదుట ఉన్న కఫానాలో, అంటే కాఫీ, మద్యం, భోజనం అన్నీ దొరికే హోటల్లో, ఫ్రిజ్ మీద టీవీ పెట్టారు. లోపల చోటు చాలక కిటికీల బయట రోడ్డు మీద కూడా జనం నిలబడ్డారు. ఎదుట జట్టు ఇటలీ. బర్బా నా పక్కనే కూర్చుని ఎడమ చేతి కణుపుల మీద పదమూడు మందినీ లెక్కపెట్టి, ఆ తరవాత బొటనవేలిని కుడి చేతితో పట్టుకున్నాడు. అసలు సమయం అయిపోయినా ఆట తేలలేదు. అదనపు సమయం ఇచ్చారు, అదీ చాలలేదు, మళ్లీ అదనపు సమయం. ఆటగాళ్లు భుజాల దాకా మునిగి కనిపిస్తుంటే, వాళ్ల కాళ్లు కింద ఎలా మండుతుంటాయో ఆ నెలంతా నేర్చుకున్న నా తొడలకు తెలుసు. కఫానాలో సిగరెట్టు పొగ తప్ప కదలిక లేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ తాగలేదు. ముందుపెట్టుకున్న కాఫీ అలాగే చల్లారిపోయింది. 12-11 అయ్యాక, ఇక ఇటలీకి సమయం లేదని తేలాక, మొదట వినిపించింది కేక కాదు, అంతమంది ఒక్కసారి వదిలిన ఊపిరి. ఆ తరవాత యార్డులో ఉన్న ఓడలన్నీ హారన్లు మోగించాయి. మా ఓడ హారన్ నేనే మోగించాను. కెప్టెన్ గారు ఏమీ అనలేదు. బర్బా బొటనవేలు ఆయన పట్టుకున్న చోట ఎర్రగా కందిపోయి ఉంది.

నేను బయలుదేరే ముందు ఆదివారం నాడు బర్బా, ఆయన భార్య నన్ను బస్సులో, పక్కనున్న క్రొయేషియా రిపబ్లిక్‌లోని దుబ్రోవ్నిక్ తీసుకెళ్లారు. ఆవిడ పుట్టిల్లు అదే. యుగ్ క్లబ్బు 1923లో పుట్టింది ఆ ఊళ్లోనే. యుగ్ అంటే దక్షిణం, యుగోస్లావియా అన్న పేరులో ఉన్నదీ ఆ మాటే. వేసవిలో అక్కడ పేటపేటకీ రేవురేవుకీ ఒక జట్టు కట్టి ఆడుకునే పోటీని ‘దివ్ల్యా లీగా’, అడవి లీగ్ అంటారు. కోట గోడల నీడలో, బండల నడుమ నీళ్లలో ఆడుతున్న పిల్లల్ని చూపించి ఆవిడ, రుదిచ్‌కు మనుషులు ఎక్కడినుంచి వస్తారో చూశావు కదా అన్నది. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన వెసెలిన్ జుహో ఆ ఊరివాడే. ఆవిడకు అతను దేశపు ఆటగాడి కంటే ముందు తమ వీధి చివరి కుర్రాడు.

1988 అక్టోబరు 1న సోల్ ఒలింపిక్స్ ఫైనల్ జరిగినప్పుడు నేను హిందూ మహాసముద్రంలో ఉన్నాను. అమెరికాను అదనపు సమయంలో 9-7తో ఓడించారని మా రేడియో ఆఫీసరు వార్తల్లో విని చెప్పాడు. రెండు నెలల తరవాత విశాఖలో ఇంటికి చేరేసరికి బర్బా ఉత్తరం వచ్చి ఉంది. కవరులో మాటలు లేవు. ఒక కాగితం మీద ఆయన తన ఎడమ అరచేతిని పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, నాలుగు వేళ్ల కణుపుల మీద పన్నెండు పేర్లు రాశాడు: జుహో, లుషిచ్, బుకిచ్, మిలానోవిచ్, షిమెంట్స్, విచెవిచ్, అలా అందరూ. బొటనవేలి మీద నీష్ పట్నంలో పుట్టిన గోల్‌కీపర్ అలెక్సాందర్ శొష్తర్ పేరు. ఒక్కో పేరు కింద చిన్న అక్షరాలతో ఊరి పేరు. జాగ్రెబ్ కుర్రాడు దుబ్రావ్కో షిమెంట్స్ కణుపు పక్కన మాత్రం, తండ్రి జ్లాత్కోకు టోక్యోలో రజతం అని రాశాడు. తండ్రి బాకీ కొడుకు తీర్చాడని ఆయన లెక్క.

1991 జనవరిలో పెర్త్‌లో స్పెయిన్‌ను 8-7తో ఓడించి మళ్లీ ప్రపంచ విజేతలయ్యారు. అప్పటికి రుదిచ్ ఇటలీ జట్టు దగ్గరకు వెళ్లిపోయాడు, కోచ్ నికోలా స్తామెనిచ్. ఆ గెలుపు తరవాత కూడా అరచెయ్యి బొమ్మ వచ్చింది, పదమూడు పేర్లతో. జూన్‌లో క్రొయేషియా, స్లొవేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. ఆగస్టులో ఏథెన్స్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్‌కు క్రొయేషియా ఆటగాళ్లు లేకుండానే యుగోస్లావియా జట్టు వెళ్లింది, ఫైనల్లో మళ్లీ స్పెయిన్‌నే ఓడించి గెలిచింది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి: అన్నేళ్ల చరిత్రలో ఎన్నో రజతాలు వచ్చినా యూరోపియన్ స్వర్ణం ఆ జట్టుకు అదే మొదటిది. ఒలింపిక్, ప్రపంచ, యూరోపియన్ కిరీటాలు మూడూ ఒకేసారి ఆ జట్టు దగ్గర ఉన్న వారాల్లోనే ఆ దేశం ముక్కలవుతోంది.

సెప్టెంబరులో వచ్చిన కాగితం మీద కూడా అరచెయ్యే ఉంది. ఈసారి చాలా కణుపులు ఖాళీ. ఏథెన్స్‌లో వాళ్ల స్థానాల్లో వేరే కుర్రాళ్లు ఆడారు, మెడల్ కూడా గెలిచారు, ఆ సంగతి బర్బాకు తెలియదనుకోను. అయినా స్ప్లిట్ కణుపు, షిబెనిక్ కణుపు, జాగ్రెబ్ కణుపు ఆయన నింపలేదు. కాగితం వెనకవైపు ఒకే వాక్యం రాశాడు, తన భార్య టీవీ పెట్టనివ్వడం లేదని.

అక్టోబరు 1న దుబ్రోవ్నిక్ ముట్టడి మొదలైంది. యుగోస్లావ్ సైన్యం వెళ్లింది హెర్ట్సెగ్ నోవీ మీదుగానే, మేము ముగ్గురం బస్సులో వెళ్లిన ఆ రోడ్డు మీదే. డిసెంబరు 6న కోట లోపల గుండ్లు పడిన ఫోటోలు మన పేపర్లలో కూడా వచ్చాయి. ఆవిడ అక్కచెల్లెళ్లు ఆ గోడల లోపల ఉండేవారు. నేను రాసిన మూడు ఉత్తరాలకు జవాబు రాలేదు, నాలుగోది నా దగ్గరకే తిరిగి వచ్చింది.

1992 మే 30న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, సెర్బియా, మోంటెనెగ్రో మాత్రమే మిగిలిన యుగోస్లావియా మీద విధించిన ఆంక్షల్లో క్రీడలు కూడా ఉన్నాయి కాబట్టి బార్సిలోనా ఒలింపిక్స్‌లో వాళ్ల వాటర్ పోలో జట్టుకు చోటు లేకపోయింది. అక్కడ స్పెయిన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది ఇటలీ, దాని కోచ్ రుదిచ్. బోకాలో ఆ ఆటను ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు. మాడ్రిడ్ రాత్రి ఇటలీ మీద ఊపిరి బిగబట్టిన ఆ కఫానా మాత్రం ఆ రోజు నా కళ్లముందు మెదిలింది.

1996లో మళ్లీ ఉత్తరం వచ్చింది, ఐదేళ్ల తరవాత. అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రొయేషియా జట్టూ, సెర్బియా, మోంటెనెగ్రో కలిసి నిలబెట్టుకున్న కొత్త యుగోస్లావియా జట్టూ క్వార్టర్ ఫైనల్లో ఎదురుపడ్డాయి. పదిహేడేళ్ల వయసులో లాస్ ఏంజెలెస్‌లో యుగోస్లావియాకు స్వర్ణం తెచ్చిన పేరిత్సా బుకిచ్ ఇప్పుడు క్రొయేషియా జెండా పట్టుకుని స్టేడియంలోకి నడిచాడు. సోల్‌లో అతని వెనక గోల్ కాపాడిన శొష్తర్ ఇప్పుడు ఎదుటి గోల్‌లో ఉన్నాడు. క్రొయేషియా గెలిచి చివరికి రజతం దాకా వెళ్లింది. బర్బా ఉత్తరంలో ఎవరు గెలవాలనుకున్నాడో రాయలేదు. బుకిచ్ బంతి ఎత్తినప్పుడల్లా అది ఏ మూలకు వస్తుందో శొష్తర్‌కు ముందే తెలుసుననీ, శొష్తర్‌కు తెలుసునన్న సంగతి బుకిచ్‌కూ తెలుసుననీ, అన్నేళ్లు కలిసి ఆడినవాళ్లు ఎదురెదురుగా ఆడితే అలా ఉంటుందనీ రాశాడు. తన భార్యా తానూ ఆ ఆటను ఒకే గదిలో కూర్చుని చూశారట. ఐదేళ్లలో ఆవిడ టీవీ పెట్టనిచ్చిన మొదటి ఆట అదేనట.

తరవాతి సంగతులు పేపర్లలో ఉన్నవే. 2003లో స్లొవేనియాలోని క్రాన్‌లో జరిగిన యూరోపియన్ ఫైనల్లో సెర్బియా-మోంటెనెగ్రో క్రొయేషియాను 9-8తో ఓడించినప్పుడు అభిమానులు కొట్టుకున్నారు. దాని గురించి రాయడానికి నాకు మనసు రావడం లేదు. 2006లో మోంటెనెగ్రో కూడా విడిపోయింది. రెండేళ్లకే, 2008లో మాలగాలో ఆ చిన్న దేశం ఫైనల్లో సెర్బియాను 6-5తో ఓడించి యూరప్ విజేత అయింది. ఆ రాత్రి బర్బా కొడుకు నాకు ఈమెయిల్ పంపాడు. యార్డులో ఓడలు మళ్లీ హారన్లు మోగించాయట. 2012లో లండన్‌లో రుదిచ్ క్రొయేషియాకు స్వర్ణం తెచ్చి, మూడు వేర్వేరు దేశాలను ఒలింపిక్ విజేతలుగా నిలిపాడు. ఆ జట్టులోని సాంద్రో సుక్నో తండ్రి గోరాన్ సుక్నో లాస్ ఏంజెలెస్ విజేతల్లో ఒకడు. తండ్రి ఒక దేశానికి, కొడుకు ఇంకో దేశానికి, ఇద్దరూ పుట్టింది ఒకే దుబ్రోవ్నిక్‌లో. బర్బా బతికి ఉంటే ఆ కణుపు పక్కన ఏం రాసేవాడో గానీ, అప్పటికి రెండేళ్ల కిందటే ఆయన పోయాడు.

2016లో రియోలో సెర్బియా, క్రొయేషియా ఫైనల్ ఆడాయి. 2024 ఆగస్టు 11న పారిస్‌లో మళ్లీ అవే రెండు జట్లు. విశాఖలో సాయంత్రం వేళ, వరండాలో మనవడి ఫోన్లో ఆ ఆట చూశాను. ఎవరి పక్షం తాతయ్యా అని వాడు అడిగాడు. జవాబు చెప్పకుండా, తెర మీద పేర్లు వస్తుంటే ఎడమ చేతి కణుపుల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముందు తెల్ల టోపీల వాళ్లను, ఆపకుండా నీలం టోపీల వాళ్లను. బొటనవేలి దాకా వచ్చేసరికి ఇంకా సగం మంది మిగిలే ఉన్నారు. ఫోను వాడి చేతికిచ్చి, కుడి చెయ్యి కూడా తెరిచాను.